విశాఖ ఉప్పుగాలికి నిలిచే బేస్ బాక్సు: చెక్క ఎంపిక నుంచి లీకేజీ పరీక్ష దాకా

బొబ్బిలి వీణను పనస చెక్కతో చేస్తారు. తీగ మీటితే వీణ ఒళ్లంతా పలకాలి కాబట్టి దానికి పలికే చెక్కే కావాలి. బేస్ స్పీకర్ బాక్సు దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ కదలాల్సింది ఊఫర్ (బేస్ పలికే స్పీకర్) ముందున్న కోన్ ఒక్కటే. బాక్సు గోడ కాస్త ఊగినా తన సొంత శబ్దాన్ని పాటలో కలిపేస్తుంది. డప్పు దెబ్బ టక్కున పడి ఆగాల్సిన చోట "బుమ్మ్" అని సాగిందంటే చాలాసార్లు దానికి కారణం గోడలే. కాబట్టి ఖరీదైన చెక్క కోసం కాకుండా మూగ చెక్క కోసం వెతకండి. బిగువుగా, బరువుగా, గాలి చొరబడకుండా ఉండాలి.

విశాఖలో దీనికి ఇంకో షరతు కూడా ఉంది. సముద్రం పక్కనే ఉంది కాబట్టి ఇక్కడి గాలిలో ఏడాది పొడవునా తేమ ఎక్కువే. ఎండాకాలంలో కూడా ఒంటికి చెమట అతుక్కునే ఊరు ఇది. పొడి వాతావరణం ఉన్న ఊళ్ల కోసం రాసిన సలహాలు చూసి "ఎండీఎఫ్ (చెక్కపీచుని జిగురుతో నొక్కి చేసే బోర్డు) తెచ్చుకో, చాలు" అనుకుంటే రెండు వానాకాలాల్లో బాక్సు మూలలు ఉబ్బుతాయి. ఈ ఊళ్లో చెక్కను తేల్చేది తేమే. కింద చెప్పేదంతా ఆ కోణంలోంచే.

1. ముందు ఊఫర్, తర్వాతే చెక్క

చాలామంది షీట్ కొనేసి, దానికి సరిపోయేలా బాక్సు గీస్తారు. అలా చెయ్యకండి. ఊఫర్ కొన్నాక దాని డేటాషీట్‌లో ఎఫ్ఎస్ (ఊఫర్ సొంతంగా మోగే స్థాయి), క్యూటీఎస్ (ఆ మోత ఎంత త్వరగా ఆగుతుందో), వీఏఎస్ (కోన్‌కి ఉన్నంత సాగుడు గుణం ఎన్ని లీటర్ల గాలికి ఉంటుందో) అనే మూడు అంకెలు ఉంటాయి. ఆస్ట్రేలియాలో పనిచేసిన ఇంజనీర్లు నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ వేసిన లెక్కల నుంచి వచ్చినవి కాబట్టి వాటిని థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. బాక్సు ఎన్ని లీటర్లు ఉండాలో, మూసిన బాక్సా పోర్ట్ (గాలి వచ్చిపోయే గొట్టం) ఉన్న బాక్సా అన్నది ఇవే చెబుతాయి. వీటిని వేస్తే లెక్క కట్టి ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చాలా కంపెనీలు తమ ఊఫర్‌కి సరిపోయే బాక్సు కొలతల్ని డేటాషీట్‌లోనే ఇస్తాయి కూడా.

మొదటిసారి చేసేవాళ్లకి మూసిన బాక్సే మేలు. లీటర్లు కొద్దిగా అటూ ఇటూ అయినా అది క్షమిస్తుంది. పోర్ట్ పెట్టిన బాక్సు క్షమించదు.

2. మందం ఎందుకు అంత ముఖ్యం

పలక బిగువు దాని మందం ఘనంతో పెరుగుతుంది. 12 మి.మీ. నుంచి 18 మి.మీ.కి వెళ్తే మందం ఒకటిన్నర రెట్లే పెరిగినా బిగువు సుమారు 3.4 రెట్లు పెరుగుతుంది. 12 మి.మీ. షీట్‌తో డబ్బు మిగులుతుందని చూసుకునేవాళ్లు పోగొట్టుకునేది ఈ బిగువునే.

రెండో లెక్క పలక వెడల్పుది. ప్రతి పలకకీ తాను సొంతంగా మోగే ఒక ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లో చెబుతారు) ఉంటుంది. అదే మందంతో పలక పొడవు, వెడల్పు రెట్టింపు చేస్తే ఆ ఫ్రీక్వెన్సీ నాలుగో వంతుకి దిగిపోతుంది. సబ్ ఊఫర్, అంటే మనం చేస్తున్న బేస్ స్పీకర్, పని చేసేది దాదాపు 20 నుంచి 120 హెర్ట్జ్ మధ్య. మన పలకల సొంత మోత ఆ హద్దుకి చాలా పైన, కొన్ని వందల హెర్ట్జ్‌లో ఉంటే ఊఫర్ దాన్ని కదిలించలేదు. 18 మి.మీ. మందంతో చిన్న బాక్సు చేస్తే ఇది తేలిగ్గానే కుదురుతుంది. 15 అంగుళాల ఊఫర్‌కి రెండడుగుల బాక్సు కడితే మాత్రం పలక పెద్దది కాబట్టి మోత కిందికి దిగి వస్తుంది. అప్పుడు 25 మి.మీ. మందం గానీ, లోపల అడ్డబద్దలు గానీ తప్పవు. నా ఓటు అడ్డబద్దలకే. బరువు తక్కువ, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

సన్నని గోడలే మంచివన్న వాదన కూడా మీకు ఎక్కడో కనిపించవచ్చు. 1970లలో బీబీసీ ఇంజనీర్లు చిన్న మానిటర్ స్పీకర్లకు 12 మి.మీ. బర్చ్ ప్లైవుడ్ వాడి, లోపల బిటుమెన్ (తారు లాంటి పదార్థం) పలకలు అంటించి మంచి ఫలితం సాధించిన మాట నిజం. వాళ్లు కాపాడుకున్నది మనిషి గొంతు వినిపించే మధ్యస్థాయి శబ్దాల్ని. బేస్ బాక్సులో గాలి ఒత్తిడి వేరు, అవసరం వేరు. ఆ పద్ధతిని ఇక్కడికి తేవద్దు.

10, 12 అంగుళాల ఊఫర్లకు 18 మి.మీ., ఊఫర్ బిగించే ముందు పలకకి మాత్రం రెండు షీట్లు అంటించి 36 మి.మీ. ఇది గుర్తుంటే చాలు.

3. ఏ చెక్క, ఏది వద్దు

ముందు టేకు గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే మన ఇళ్లలో మొదట వినిపించే పేరు అదే. "మంచి టేకుతో చేయిస్తే తరాలు నిలుస్తుంది" అని పెద్దవాళ్లు అంటారు. గుమ్మానికి, మంచానికి అది నిజమే. బాక్సు విషయంలో చిక్కు ఏమిటంటే ఏ దుంగచెక్కైనా గాలిలో తేమను బట్టి అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. టేకు మిగతావాటికంటే తక్కువగా కదులుతుంది గానీ కదలకుండా ఉండదు. బాక్సు నాలుగు వైపులా జిగురుతో బిగించి ఉంటుంది కాబట్టి ఆ కదలిక అతుకుల్ని లాగుతుంది. వెంట్రుకవాసి చీలిక వచ్చినా మూసిన బాక్సులో గాలి "స్స్" మంటుంది. మామిడి, వేప, సరుగుడు విషయంలో ఇది ఇంకా ఎక్కువ. పాత ఇల్లు పడగొట్టినప్పుడు దొరికే టేకు కమ్మీలు ఇంట్లో ఉంటే పారేయకండి. లోపలి అడ్డబద్దలకి అంతకంటే మంచి సరుకు దొరకదు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు పట్టడానికి ముందు అతికే చోట థిన్నర్‌తో తుడవాలి.

ప్లైవుడ్‌లో పొరల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా మార్చి అతికిస్తారు. ఒక పొర ఉబ్బబోతే పై పొర, కింద పొర పట్టి ఆపుతాయి. తేమ ఊళ్లో ఈ ఒక్క గుణం చాలు దాన్ని ఎంచుకోవడానికి. పైగా అదే మందం ఎండీఎఫ్ కంటే మంచి హార్డ్‌వుడ్ ప్లైవుడ్ బిగువు ఎక్కువ, స్క్రూ పట్టు కూడా ఎక్కువ. షాపులో మూడు పేర్లు వినిపిస్తాయి. ఎంఆర్ అంటే ఇంటి లోపల పొడిగా ఉండే చోటికి, దీన్ని కమర్షియల్ అని కూడా అంటారు. బీడబ్ల్యూఆర్ దానికంటే నీటిని బాగా తట్టుకుంటుంది. బీడబ్ల్యూపీ అంటే మెరైన్, దాని మీద ఐఎస్ 710 అని ఉంటుంది. ఆ ప్రమాణంలో జిగురుకి 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టే పరీక్ష ఉంది. ఇంట్లో పెట్టుకునే బాక్సుకి అంత అవసరం లేదు, బీడబ్ల్యూఆర్ సరిపోతుంది. బీచ్ రోడ్డు వైపో, లాసన్స్ బే, రుషికొండ వైపో ఇల్లు ఉండి కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటే మెరైన్ తీసుకోండి. డాబా మీద, ఫంక్షన్లలో వాడేదైనా మెరైనే.

గ్రేడు జిగురు సంగతి చెబుతుంది. లోపలి చెక్క సంగతి మీరే అడగాలి. గర్జన్, యూకలిప్టస్ లాంటి గట్టి చెక్క కోర్ బాగుంటుంది. పాప్లర్ కోర్ తేలిక, మెత్తన. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లు మీరు చూసే ఉంటారు. ఆ చెక్క కూడా ప్లైవుడ్ కోర్‌లోకి వెళ్తుంది. గర్జన్ అంత బరువు ఉండదు గానీ పొరలు ఖాళీల్లేకుండా అతికిస్తే బాక్సుకి పనికొస్తుంది.

బర్చ్ ప్లైవుడ్ ఈ పనికి అన్నిటికంటే మంచిది. 18 మి.మీ.లో 13 పొరలు, ఖాళీలు దాదాపు ఉండవు. రష్యా, ఫిన్లండ్, బాల్టిక్ దేశాల నుంచి వచ్చే సరుకు కాబట్టి ధర గట్టిగా ఉంటుంది, విశాఖలో ప్రతి షాపులో దొరకదు. ఒక్క సబ్ ఊఫర్ కోసం అంత వెతకక్కర్లేదు. మంచి హార్డ్‌వుడ్ ప్లైవుడ్ తెచ్చి, మిగిలిన డబ్బు ఊఫర్ మీద పెట్టండి.

ఎండీఎఫ్ చెడ్డదని నేను అనను. లోపల ఒక్క ఖాళీ ఉండదు, రూటర్ అనే కోత మెషీన్‌తో గుండ్రంగా కోస్తే అంచు సబ్బు కోసినట్టు వస్తుంది, పెయింటు అద్దంలా పడుతుంది. మోతను లోపలే చంపే గుణం కూడా ప్లైవుడ్ కంటే దానికే ఎక్కువ. దాని శత్రువు నీరు. ఒకసారి అంచు నీరు తాగి ఉబ్బితే మళ్లీ పాత కొలతకి రాదు. ఏసీ గదిలో, అన్ని వైపులా సీల్ చేసి పెట్టుకునేటట్టయితే వాడండి. దానికీ ప్లైవుడ్‌కీ మధ్య హెచ్‌డీహెచ్ఎంఆర్ అనే బోర్డు వస్తోంది. ఎండీఎఫ్ కంటే సాంద్రత ఎక్కువ, తేమకి ఎక్కువ తట్టుకుంటుంది. బాగా బరువు. ముందు పలకకి దీన్ని, మిగతా బాక్సుకి ప్లైవుడ్‌ని వాడితే కోత శుభ్రంగా వస్తుంది, బాక్సూ నిలుస్తుంది.

పార్టికల్ బోర్డు వద్దు. కంపెనీ స్పీకర్లలో కనిపిస్తుంది గానీ వాళ్ల మెషీన్లు, వాళ్ల ఫినిషింగ్ వేరు. మన చేతిలో స్క్రూ తిప్పితే అంచు పొడి రాలుతుంది. బ్లాక్‌బోర్డు కూడా వద్దు, లోపలి బద్దల మధ్య సందులుంటాయి. ఈ మధ్య "నీళ్లు తగిలినా ఏం కాదు" అని డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపినవి), పీవీసీ ఫోమ్ బోర్డులు చూపిస్తున్నారు. వంటగదికి బాగుంటాయి. బేస్‌కి మాత్రం అస్సలు పనికిరావు. లోపల నురగ కాబట్టి తేలికగా ఉంటాయి, వంగుతాయి, బాక్సు గోడ ఊగుతుంది. తేమ ఊరు కాబట్టి ఇది తెలివైన ఎంపిక అని చాలామందికి అనిపిస్తుంది, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

4. షాపులో ఏం చూడాలి

ఇక్కడ ఓపిక పట్టండి. పగటి వెలుగులో వెళ్లండి. జేబులో టేపు, స్టీలు స్కేలు, ఒక రూపాయి బిళ్ల ఉంచుకోండి.

"18 మి.మీ. బీడబ్ల్యూఆర్, హార్డ్‌వుడ్ కోర్, గ్యాపులు లేనిది చూపించండి. స్పీకర్ బాక్సుకి" అని అడగండి. స్పీకర్ బాక్సుకి అన్న మాట చెప్పడం మంచిది. కప్‌బోర్డుకి చూపించే షీట్, దీనికి చూపించే షీట్ ఒకటి కాకపోవచ్చు.

షీట్‌ని బయటికి లాగించి అంచు చూడండి. నాలుగు అంచులూ చూడాలి. ఫోన్ టార్చ్ అంచుకి ఏటవాలుగా పట్టుకుంటే పొరల మధ్య ఉన్న చీకటి చిల్లులు కనిపిస్తాయి. అక్కడక్కడా గోధుమరంగు ముద్దతో నింపిన మచ్చలుంటే అవి ఖాళీల్ని మూసిన గుర్తులు. ఒకటీ అరా పర్వాలేదు, అంచంతా ఉంటే పక్కన పెట్టించండి. పొరలు ఒకే మందంలో, గీత గీసినట్టు నేరుగా వెళ్లాలి. ఒక పొర మీదకి ఇంకో పొర ఎక్కిన చోట షీట్ ఉబ్బెత్తుగా ఉంటుంది, అరచేత్తో రాస్తే తెలిసిపోతుంది.

అంచు చెప్పేది అంచు సంగతే. మధ్యలో ఏముందో తెలియాలంటే రూపాయి బిళ్లతో జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. అంతటా "టక్, టక్" మని ఒకేలా రావాలి. ఒకచోట "డొబ్" మంటే కింద ఖాళీ ఉన్నట్టే. ఆ ఖాళీ ఊఫర్ కోత దగ్గర పడిందంటే, బేస్ పెరిగినప్పుడు లోపలి వదులు పొర జుర్రుమని కొట్టుకుంటుంది. బయట నుంచి ఎంత వెతికినా ఆ శబ్దం ఎక్కడిదో దొరకదు.

తర్వాత షీట్‌ని నిలబెట్టి, ఒక కన్ను మూసి అంచు పొడవునా చూడండి. విల్లులా వంగి ఉంటే వద్దు. బరువు కూడా ఒక లెక్కే. 8 × 4 అడుగుల 18 మి.మీ. ఎండీఎఫ్ షీట్ దాదాపు 40 కిలోలు తూగుతుంది. ప్లైవుడ్ దానికి దగ్గర్లో ఉంటే లోపల గట్టి చెక్క ఉందని నమ్మొచ్చు. ఒక మనిషి తేలిగ్గా ఎత్తుకుని వస్తున్నాడంటే అది మెత్తటి కోర్. ఎర్రటి పై పొర చూపించి గర్జన్ అంటే తడి గుడ్డతో రుద్ది చూడండి. రంగు గుడ్డకి అంటితే అనుమానించాలి.

ఆఖరున మందం కొలవండి. 18 అని రాసి ఉన్న షీట్ 17, ఇంకా తక్కువ కూడా ఉండొచ్చు. అసలు మందం చీటీ మీద రాసుకుని, దాన్ని బట్టే కొలతలు మళ్లీ వేసుకోవాలి. వీలైతే చిన్న ముక్క అడిగి ఇంటికి తెచ్చుకుని కొన్ని గంటలు నీళ్లలో ఉడకబెట్టండి. పొరలు విడిపోతే ఆ షాపులో షీట్ తీసుకోవద్దు.

5. ఇంటికి తెచ్చాక, కోత

వెంటనే కొయ్యకండి. ఏ గదిలో బాక్సు ఉండబోతోందో ఆ గదిలోనే, కింద మూడు బద్దలు వేసి వారం రోజులు పడుకోబెట్టండి. గోడకి ఆనించి నిలబెడితే వంగుతుంది. గోదాములో తాగిన తేమ, మీ గదిలో తేమ ఒక స్థాయికి వస్తాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. జిగురు ఆరడానికీ, పాలిష్ తెల్లబారకుండా ఉండడానికీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

ఒక కొలత ఇస్తున్నాను, 12 అంగుళాల ఊఫర్‌కి మూసిన బాక్సు. బయట మూడు వైపులా 390 మి.మీ., మందం 18 అనుకుంటే లోపల 354. అంటే 44 లీటర్లు. రెండో ముందు పలక, అడ్డబద్ద, ఊఫర్ ఆక్రమించేది తీసేస్తే సుమారు 39 లీటర్లు మిగులుతాయి. మీ డేటాషీట్ అడిగింది ఇంతకి దగ్గర్లో ఉంటేనే వాడండి. కావాల్సిన ముక్కలు: 390 × 390 రెండు, 390 × 354 రెండు, 354 × 354 నాలుగు. ఈ చివరి నాలుగులో ఒకటి ముందు పలక, ఒకటి వెనుక పలక, ఒకటి ముందు పలకకి లోపల అతికే జత, ఇంకొకటి అడ్డబద్దకి. మొత్తం ఎనిమిది ముక్కలూ నాలుగడుగుల చదరంలో, అంటే సగం షీట్‌లో పడతాయి. ఖాళీ చప్పుడు వచ్చిన చోట్లని ముందే సుద్దతో గుర్తు పెట్టుకుంటే వాటిని ఏ ముక్కలోకీ రానివ్వకుండా మిగతా సగం నుంచి ఏరుకోవచ్చు.

కోత చేత్తో వద్దు. ప్యానెల్ సా (షీట్లు నేరుగా కోసే పెద్ద రంపం మెషీన్) ఉన్న షాపులో కోయించండి. ఎదురెదురు ముక్కలన్నీ ఒకే సెట్టింగ్‌లో కోయమని చెప్పండి. అర మి.మీ. తేడా వచ్చినా జిగురు ఆ సందుని నింపలేదు. ఎండీఎఫ్ కోస్తే మాస్కు తప్పనిసరి. ఆ సన్నని దుమ్ములో ఫార్మాల్డిహైడ్ రెసిన్ ఉంటుంది.

6. అతకడం

మేస్త్రితో చేయిస్తున్నట్టయితే మొదటే చెప్పాల్సిన మాట: "మేస్త్రి గారూ, ఇది అల్మారా కాదు. లోపలి గాలి బయటికి పోకూడదు." అల్మారాకి మేకులు కొట్టి, పైన లప్పం పూస్తే సరిపోతుంది. ఇక్కడ అతుకు పొడవునా జిగురు ఉండాలి. ఫెవికాల్ మెరైన్ లాంటి నీటికి ఆగే జిగురు రెండు వైపులా రాసి, స్క్రూలతో బిగించినప్పుడు సందు పొడవునా సన్నని పూసలా బయటికి ఉబికి రావాలి. ఎక్కడ రాలేదో అక్కడ లీకేజీ ఉంటుంది. స్క్రూకి ముందు డ్రిల్‌తో చిన్న రంధ్రం వేయాలి, లేకపోతే ఎండీఎఫ్ అంచు చీలిపోతుంది. ఉప్పుగాలికి మామూలు స్క్రూలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ వాడండి. ఊఫర్‌కి చెక్క స్క్రూలు కాకుండా టీ-నట్ (చెక్కలో దిగి కూర్చునే నట్టు), బోల్టు పెడితే ఎన్నిసార్లు విప్పినా పట్టు పోదు.

అడ్డబద్ద ముక్క మధ్యలో 250 మి.మీ. గుండ్రం కోసేస్తే అది కిటికీ ఫ్రేములా మిగులుతుంది. దాన్ని బాక్సు లోతులో సగం కంటే కాస్త వెనక్కో, ముందుకో పెట్టి పై, కింద, పక్క పలకలు నాలుగింటికీ అతికించండి. సరిగ్గా మధ్యలో పెడితే రెండు వైపులా పలకలు ఒకే ఫ్రీక్వెన్సీలో మోగుతాయి. ఊఫర్ అయస్కాంతం ఆ రంధ్రంలో తగలకుండా దూరుతుందో లేదో జిగురు పెట్టకముందే చూసుకోండి. వెనుక పలకకి ఒక టేకు రీపర్ (సన్నని బద్ద) మూల నుంచి మూలకి అడ్డంగా అతికిస్తే పని పూర్తి. అన్నీ ఆరాక లోపలి మూలలన్నిటికీ ఇంకోసారి జిగురు పూయండి.

7. సీలింగ్

బయట సన్‌మైకా వేసి లోపల వదిలేస్తారు. పలక ఒకవైపే తేమ తాగితే ఒకవైపే ఉబ్బి వంగుతుంది. లోపల కూడా సీలర్ గానీ, ప్రైమర్ గానీ రెండు కోట్లు తప్పకుండా వేయండి. ఊఫర్ కోసం కోసిన గుండ్రం అంచు, వైర్లు తగిలించే టెర్మినల్ రంధ్రం అంచు అందరూ మరిచిపోయేవి. నీరు ముందు దూరేది ఆ పచ్చి అంచుల్లోంచే. ఎండీఎఫ్ అయితే అంచులకి నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి, ఆరాక సాండ్‌పేపర్ పట్టి, మళ్లీ పూయాలి. కింద రబ్బరు కాళ్లు బిగించి, గోడకి జానెడు దూరంలో పెట్టండి. తేమ గోడ నుంచీ, చెద నేల నుంచీ వస్తుంది.

8. పరీక్ష

ఊఫర్ బిగించాక కోన్‌ని నాలుగు వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. గాలి బాగా ఆగితే అది తాపీగా వెనక్కి వస్తుంది. బాక్సు లేనప్పటిలా టక్కున వచ్చేస్తే ఎక్కడో సందు ఉన్నట్టు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 30 హెర్ట్జ్‌ని ఈ బాక్సులో ఓ మాదిరి సౌండుతో వినిపిస్తూ, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంబడి తిప్పండి. పొగ వణికిన చోటే లీకేజీ. పొగ కోన్‌కి, దాని చుట్టూ ఉన్న రబ్బరుకి తగలకుండా చూసుకోండి.

తర్వాత 20 నుంచి 150 దాకా టోన్ నెమ్మదిగా పెంచుతూ ఒక్కో పలక మధ్యలో అరచెయ్యి ఆనించండి. సన్నని వణుకు అన్నిచోట్లా ఉంటుంది. ఒక అంకె దగ్గర ఒకే పలక ఒక్కసారిగా చేతికి కొట్టినట్టు తెలిస్తే ఊఫర్ విప్పి, ఆ పలకకి లోపల ఇంకో రీపర్ అతికించండి. మొదటి వానాకాలం దాటాక ఊఫర్ బోల్టులు ఒకసారి బిగించి, అగరుబత్తి పరీక్ష మళ్లీ చేయండి. అతుకు కదిలి ఉంటే ఆ సమయంలోనే బయటపడుతుంది, లోపలి నుంచి కాస్త సిలికాన్ పూస్తే సరిపోతుంది.